పచ్చగాజులు తొడిగిన చెయ్యి

మా అత్తమ్మకు డెబ్బై దాటాయి. ఆమెకున్న ఒక్క కొడుక్కి, అంటే మా ఆయనకు, ముందు జుట్టంతా పోయింది, బీపీ మాత్ర వేసుకోకుండా గడప దాటడు, కళ్ళద్దాలు లేకపోతే పేపర్లో అక్షరాలు కనపడవు. అందుకే ఆ శ్రావణమాసం పొద్దున అత్తమ్మ ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "పిలగానికి గండమున్నదట బిడ్డా" అన్నప్పుడు, ఆ పిలగాడు ఎవరో తెలియడానికి నాకు కాసేపు పట్టింది.

ఫోను తీసుకుని చదివాను. ఈసారి శ్రావణం కీడు మోసుకొచ్చిందట. ఒక్కడే కొడుకున్న తల్లులు, ఇద్దరు కొడుకులున్న తల్లి కొనిచ్చిన పచ్చగాజులు వేసుకోవాలట. లేకపోతే ఆ ఒక్క కొడుక్కి గండమట. చదివి ఊరుకోవద్దని, పదిమందికి పంపమని కూడా ఉంది. కింద ఒక దీపం బొమ్మ, దాని కింద తామరపువ్వు, ఆ కింద వరసగా దండాలు.

"ఎవరు చెప్పారత్తమ్మా ఇది?"

"ఎవరేంది? అందరు అంటాండ్రు."

ఈ 'అందరు' అనే మనిషిని నేనింతవరకు కలవలేదు. ఎక్కడుంటాడో, ఏం చదివాడో తెలియదు. మా ఇంట్లో మాత్రం ఆయన మాటకున్న విలువ నా మాటకు ఏనాడూ లేదు. నేను హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. పిల్లలకు కప్ప గుండెలో ఎన్ని గదులుంటాయో చెప్పగానే రాసుకుంటారు. ఇంట్లో పాలు విరిగిపోతే ఫ్రిజ్ ఆఫైందని చెప్పినా నమ్మరు, దిష్టి అంటారు.

మాది భజన మండలి కుటుంబం. అత్తమ్మ పాత సభ్యురాలు, నేను ఆమెను ఆటోలో తీసుకుపోతూ తీసుకుపోతూ సభ్యురాలినైపోయాను. ప్రతి శనివారం సాయంత్రం సుబేదారిలో పెద్దక్క ఇంట్లో కూర్చుంటాం. పెద్దక్క అంటే మా మండలికి పెద్ద. వయసుకు అరవై, గొంతుకు మైకు అక్కర్లేదు. నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో అడిగితే నీళ్ళు నములుతాను గానీ, ఆ శనివారాలంటే ప్రాణం. పదిహేనుమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా గొంతు కలిపితే, వారమంతా పేరుకున్న విసుగు అక్కడికక్కడే కరిగిపోతుంది. పాట అయ్యాక పులిహోర కూడా ఉంటుంది.

ఆ గొంతులన్నిటికీ ముందు గొంతు మా వదినెది. మా ఆయనకు అక్క, అత్తమ్మకు పెద్దబిడ్డ. వరంగల్ చౌరస్తా దగ్గర వాళ్ళకు గాజుల దుకాణముంది. పాట ఆమె ఎత్తుకుంటేనే మేం అందుకుంటాం. ఆమె రాని రోజు ఒకరు కాజీపేటలో మొదలుపెడితే ఇంకొకరు కరీంనగర్‌లో తేలతారు. ఆమెకు పిల్లలు లేరు. తిరగని దవాఖాన లేదు, మొక్కని గుడి లేదు. ఇప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తరు. పొద్దంతా దుకాణంలోనే ఉండే మనిషికి, షట్టరు దించి తనకోసం తాను వెళ్ళే చోటు ఆ మండలి ఒక్కటే.

వదినె గాజులు తొడగడం చూడాలి. సైజు అడగదు. మన చెయ్యి పట్టుకుని బొటనవేలి కింద కండను మెల్లగా లోపలికి నొక్కి, మాటల్లో పెట్టి, మనకు తెలిసేలోపల డజను గాజులు ఎక్కించేస్తుంది. చివరి గాజు ఎక్కించాక ఆ చేతిని వెంటనే వదలదు. రెండు చేతుల మధ్య పెట్టుకుని, "సల్లగుండు" అంటుంది. వాళ్ళత్తగారు నేర్పిన పద్ధతి అది. చిన్నాపెద్దా లేదు, దుకాణానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆ మాట ఉంటుంది. వాళ్ళు కూడా గాజుల చేతులతో ఆమెకు దండం పెట్టే లేస్తారు. కొంతమంది ఆ మాటకోసమే పక్కనున్న పెద్ద షోరూములు దాటుకుని వస్తారని నా అనుమానం.

సరే, పచ్చగాజుల వార్త వచ్చిన వారంలో ఊరు ఊరంతా లెక్కలు మారిపోయాయి. ఇద్దరు కొడుకులున్న తల్లులకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఎన్నడూ పలకరించని పక్కింటామెను కూడా, ఇద్దరు మగపిల్లలున్నారని గుర్తుకొచ్చి, జనం అక్కా అక్కా అని పిలవడం మొదలుపెట్టారు. మా పెద్దక్కకు ఇద్దరు కొడుకులు. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు, అది వేరే సంగతి. మండలిలో ఒక్క కొడుకున్న వాళ్ళందరినీ ఆమె వెంటపెట్టుకుని పోయి గాజులు ఇప్పించింది. ఎక్కడ ఇప్పించింది? మా వదినె దుకాణంలో. మాకు తెలిసిన దుకాణం అదే మరి. అత్తమ్మ కూడా వాళ్ళతో పోయి రెండు చేతులకూ పచ్చగాజులు వేసుకొచ్చి, సోఫాలో పేపరు చదువుకుంటున్న 'పిలగాడి' తలమీద చెయ్యి పెట్టింది. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే టీ అడిగాడు.

నేను వెళ్ళలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలని చెప్పాను. నాకూ ఒక్కడే కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు. అందుకని పెద్దక్క లెక్కలో నేనొక్కదాన్నే బాకీ.

ఇంతవరకు నవ్వుకుని ఊరుకునేదాన్నే. తర్వాత పెద్దక్క ఫోన్ చేసింది. ముందు అత్తమ్మ మోకాళ్ళ సంగతి అడిగింది, మా వాడి చదువు సంగతి అడిగింది, ఆ తర్వాత గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే మామూలు మనుషుల గొంతు అవుతుంది.

"మీ వదినెను ఈ నెల మండలికి రావద్దని జర చెప్పు చెల్లె. పిల్లలు లేనోళ్ల చెయ్యి, నీడ పడొద్దట. కీడు దిగెదాక. నువ్వు చెప్తె మంచిగుంటది, మీరు మీరు ఒక్కటి కదా."

నాకు ఒళ్ళు మండింది. నేను చెప్పనన్నాను. చెప్పకపోయినా ఇలాంటి మాటలకు కాళ్ళుంటాయి, సాయంత్రానికల్లా ఇదీ దుకాణానికి చేరిపోయింది. మర్నాడు కాలేజీ నుంచి అటే పోయాను. వదినె నవ్వుతూనే ఉంది. "మంచిగైంది, శనివారం గిరాకి పోకుంట దుకాణం చూసుకుంట" అంది. పచ్చగాజుల పెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. కానీ గాజులు తొడిగేటప్పుడు ఎప్పుడూ లోలోపల ఏదో ఒక కూని రాగం తీసే మనిషి, ఆ రోజు ఏ రాగమూ తీయలేదు. అది చూశాక నేను పంతం పట్టాను.

మొదటి ప్రయత్నంగా మా మండలి ఫోను గ్రూపులో, ఈ వార్త అబద్ధమని ఒక పేద్ద మెసేజ్ రాసి పెట్టాను. గండానికీ గాజులకూ సంబంధం లేదని, ఇలాంటివి ఎలా పుడతాయో, ఎలా పాకుతాయో, అన్నీ విడమరిచి రాశాను. ఆరుగురు దండాలు పెట్టారు. ఒకామె 'శుభోదయం' అంది. ఇంకొకామె నా మెసేజ్ కిందే, అదే పచ్చగాజుల వార్తను మళ్ళీ పంపింది. నా మెసేజ్ ఎవరూ చదవలేదని అప్పుడర్థమైంది. పొడుగ్గా ఉంది కాబట్టి ఏదో స్తోత్రం అనుకున్నారట.

ఇక మూలం పట్టుకుందామనుకున్నాను. పెద్దక్కను అడిగితే, రఘునాథపల్లిలో ఉండే తన చెల్లెలు చెప్పిందంది. నంబరు తీసుకుని ఆమెకు చేశాను. వాళ్ళ దగ్గర గాజులతోపాటు వేపచెట్టుకు నీళ్ళు పోయడం కూడా ఉందట. ఎలా నమ్మారమ్మా అంటే ఆమె ఓపిగ్గా చెప్పింది.

"మాకు ఏటూరునాగారం నుంచి వచ్చింది చెల్లె. మా వియ్యపురాలు చెప్పింది. అడివి దిక్కు ఉండేటోళ్లు, వాళ్లకు అబద్ధాలు తెల్వయి."

ఏటూరునాగారం వియ్యపురాలిని పట్టుకున్నాను. అక్కడ పచ్చగాజులు అయిపోయాయని పచ్చ రవికెగుడ్డతో సరిపెట్టుకుంటున్నారట. ఆమె గొంతులో ఎంత మర్యాదో చెప్పలేను.

"గిది మాది కాదమ్మా. మీ హనుమకొండ నుంచే వచ్చింది. అక్కడ సుబేదారిల పెద్ద భజన మండలి ఉన్నదట. అందరు చదువుకున్నోళ్లేనట. అండ్ల ఒక లెక్చరర్ గూడ ఉన్నదట. అంత చదువుకున్నోళ్లు ఊకెనే చెప్తరా?"

సుబేదారి మండలిలో లెక్చరర్ని నేనొక్కదాన్నే. పచ్చగాజుల వార్తకు పూచీకత్తు నేనే అన్నమాట. పట్నంవాళ్ళు అడివి మాటని నమ్మారు, అడివి వాళ్ళు పట్నం మాటని నమ్మారు, మధ్యలో రఘునాథపల్లి రెండు వైపులా నమ్మింది. నవ్వాలో ఏడవాలో తెలియక, ఫోను పెట్టేసేముందు ఒక్కటడిగాను. పిల్లలు లేనివాళ్ళ నీడ పడొద్దని మీ దిక్కు కూడా అంటున్నారా?

"అదేం ముచ్చటమ్మా, అట్లేం లేదు మా దిక్కు" అందామె.

రఘునాథపల్లి ఆమెకు మళ్ళీ చేసి అడిగాను. అక్కడా లేదు. ఆ ముక్క ఎక్కడా లేదు, మా దగ్గర తప్ప. గాజులు ఊరూరా తిరిగొచ్చాయి గానీ ఆ విషం మాత్రం మా మండలిలోనే తయారైంది. ఎవరన్నారో మండలిలో ఒక్కరికీ గుర్తులేదు, ప్రతివాళ్ళూ పక్కామె పేరు చెప్పారు. పదిహేనుమందిమి ఎన్నో ఏళ్ళుగా ఒకే చాప మీద కూర్చుని పాడుకున్నాం. నా మనసు బాగా నొచ్చుకుంది.

శనివారం అత్తమ్మను తీసుకుని మండలికి పోయాను. పాట మొదలవగానే సంగతి తెలిసిపోయింది. ఎత్తుకునేవాళ్ళు లేరు. పెద్దక్క ఎత్తుకుంటే ఇంటి ముందు ఆగిన ఆటో ముందుకెళ్ళిపోయింది. పైస్థాయికి వచ్చేసరికి అందరం ఒకరి మొహాలొకరం చూసుకుని, దగ్గు వచ్చినట్టు నటించాం. పాట సగంలోనే మంగళం పాడుకుంది.

ఆ సందు చూసుకుని నేను లేచాను. నా పరిశోధన అంతా చెప్పాను. పెద్దక్క, చెల్లెలు, వియ్యపురాలు, చివరికి మనమే. చాక్‌పీస్ లేదు గానీ, గాల్లో గుండ్రంగా గీసి చూపించాను కూడా. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. నేను గెలిచాననే అనుకున్నాను.

పెద్దక్క కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించింది.

"చూసిండ్రా? అడివి దాక పోయి, మళ్ల తిరిగి మన మండలికే వచ్చింది. గింత మంది ఉండంగ అమ్మవారు మనల్నే ఏరుకున్నది."

అందరూ దండం పెట్టారు. అత్తమ్మ కూడా పెట్టింది. నేను చాప మీద కూలబడ్డాను. నా సర్వీసులో ఇంత శ్రద్ధగా విని, ఇంత తలకిందులుగా రాసుకున్న క్లాసు ఇంకొకటి లేదు.

అప్పుడే పెద్దక్క అల్మారాలోంచి పచ్చగాజుల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వొక్కదానివే మిగిలినవ్. ఏసుకో. పట్టింపుకు పోకు, ఒక్కగానొక్క పోరడు" అంది. ఆమె బెదిరించలేదు, ప్రేమగానే అంది. అదే నన్ను భయపెట్టింది. ఉన్నమాట చెప్తాను. ఆ వారం పొద్దున్నే మా వాడు బండి తీసిన ప్రతిసారీ గేటుదాకా పోయాను. "నాకు ఇట్లాంటి నమ్మకాలేం లేవు, హెల్మెట్ మాత్రం పెట్టుకో" అని చెప్పాను. రోజూ ఎందుకు చెప్తున్నావమ్మా అని వాడు అడిగితే ట్రాఫిక్ అన్నాను. జువాలజీ చదివిన గుండె కూడా అదే గుండె, అబద్ధమని తెలిసినా ఒక్క కొడుకు అనగానే గతుక్కుమంటుంది. గాజులు చేతిలోకి తీసుకున్నాను కూడా.

తీసుకోగానే, వాటిని ఎక్కించే చెయ్యి లేదని తోచింది. నాకు నేను తొడుక్కుంటే సగం పగిలిపోతాయి. పెళ్ళైనప్పటి నుంచీ నా చేతికి గాజులు తొడిగింది వదినె ఒక్కతే. అప్పుడు నోట్లోంచి ఆ ప్రశ్న వచ్చేసింది. ఆలోచించి అడిగింది కాదు.

"పెద్దక్కా, వీళ్ళందరికీ గాజులు తొడిగిందెవరు?"

"నేనే ఇప్పిచ్చిన."

"ఇప్పించింది మీరే. తొడిగిందెవరు?"

ఒక్కొక్కరే తమ చేతుల వైపు చూసుకున్నారు. ఒకామె చేతులు కొంగు కింద దాచుకుంది. నీడ కూడా పడకూడదన్న మనిషే, ప్రతి గాజునూ ఒక్కొక్కటిగా, చెయ్యి పట్టుకుని మరీ ఎక్కించింది. తీసేద్దామంటే కట్టుకున్నవాడు బతికుండగా శ్రావణమాసంలో గాజులు తీయకూడదు. ఉంచుకుందామంటే ఆ చెయ్యి పడింది. అందరి మొహాలూ ఒక్కసారే వాడిపోయాయి. పాపమనిపించింది గానీ లోపల ఎక్కడో హాయిగా కూడా ఉంది.

పెద్దక్క తేరుకుని, "దుకాణపోళ్ల చెయ్యి లెక్కకు రాదు" అంది.

"మరి చివర్న సల్లగుండు అన్నదా? మీరు దండం పెట్టారా? అది లెక్కకు వస్తదా, రాదా?"

జవాబు చెప్పింది మా అత్తమ్మ. వారం రోజులుగా బిడ్డ సంగతి ఎత్తితే కళ్ళు దించుకుంటున్న మనిషి, రెండు చేతులూ పైకెత్తి గాజులు గలగలలాడించింది.

"గివి నా బిడ్డ తొడిగింది. నా బిడ్డ చెయ్యి కీడైతె గీ గాజులెందుకు, గీ నోములెందుకు? నా కొడుకు సల్లగున్నడంటె అది దాని నోటి మాటనే. నేను పోత, ఈడ కూసోను."

లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. నేనూ పక్కామే చెరోవైపు పట్టుకుని లేపాల్సి వచ్చింది. ఆవిడ కోపం మాత్రం తగ్గలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మెసేజీలు, ఫోన్లు, గాల్లో గీసిన గుండ్రం, అన్నీ ఆ మాట ముందు ఎందుకూ పనికిరావు.

పెద్దక్క నా చేతిలోంచి గాజుల కట్ట తీసుకుని మళ్ళీ అల్మారాలో పెట్టేసింది. తర్వాత, "ఆమెను తోలుకరా పో చెల్లె" అంది.

అత్తమ్మను అక్కడే కూర్చోబెట్టి, ఎగురుకుంటూ ఆటో ఎక్కాను. దుకాణంలో గిరాకీ లేదు. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పి, పద వదినె, అందరూ ఎదురుచూస్తున్నారన్నాను. ఆమె కదల్లేదు. పెట్టె మూతపెట్టి అడిగింది.

"ఎందుకు పిలుస్తాండ్రే మరదలా? నేను కావాల్ననా, గాజులు తియ్యలేకనా?"

ప్రశ్నలడగడం నా పని అనుకుని తిరుగుతున్నాను. ఈ ప్రశ్న నాకే తట్టలేదు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"గాజులు తీయలేకనే అనుకుంట వదినె."

"అట్లనా. నేనైతె రాను. రావద్దన్నది వాళ్లు. కావాలంటె వాళ్లనే రమ్మను, దుకాణం తెరిచే ఉన్నది." అని నా చెయ్యి లాక్కుని చూసింది. "గివేం చేతులే, బోసిగ. దా."

"నాకు నమ్మకం లేదు వదినె."

"నమ్మకానికి ఎవలు ఏస్తాండ్రు? మంచిగుంటయని ఏస్తాన."

పచ్చవి వద్దన్నాను. ఎర్రవి తొడిగింది. సల్లగుండు అంది. పట్టిన పంతమంతా ఆ ఒక్క మాటకు నీరుకారిపోయి, గల్లాపెట్టె పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె నన్ను చూసి నవ్వింది.

వదినె అన్న మాట ఒక్క ముక్క పోకుండా గ్రూపులో పెట్టాను. ఈసారి చిన్నగా ఉంది కాబట్టి అందరూ చదివారు. దండాలు ఒక్కటీ రాలేదు.

మండలివాళ్ళెవరూ రాలేదు ఆ రెండు రోజులు. మంగళవారం సాయంత్రం నేను దుకాణంలో ఉండగానే పెద్దక్క వచ్చింది, ఒక్కతే. మెట్టు మీద చెప్పులు విడిచి, వదినె ఎదురుగా పీట మీద కూర్చుంది. తప్పైపోయిందనలేదు. ఆమెకు ఆ మాట రాదు. చెయ్యి చాపి, "అంట్లు తోముతాంటె రెండు పగిలినయి. ఎయ్యి" అంది.

వదినె ఆ చెయ్యి పట్టుకుంది. బొటనవేలి కింద నొక్కింది. రెండు గాజులూ ఎక్కించింది. కండను సర్ది, చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఏమీ అనలేదు.

పెద్దక్క ఎదురుచూసింది. గిరాకీకి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా ఎదురుచూశారు. వదినె చెయ్యి వదలదు, నోరు విప్పదు.

"ఏమన్నా మరిచినవా చెల్లె?" అంది పెద్దక్క.

"మరువలే. ఈసారి మీరు మొదలు అనున్రి."

ఊరంతా వినపడే గొంతు ఆ పెద్దక్కది. అప్పుడు మాత్రం పక్కన నిలబడ్డ నాకు కూడా సరిగా వినపడలేదు. పెదాలు కదిలాయి. రెండో చెయ్యి ఎత్తి వదినె తలమీద పెట్టింది, పెట్టి మళ్ళీ అంది, ఈసారి వినపడేట్టు.

"సల్లగుండు బిడ్డా."

పిల్లల్లేని మనిషికి ఆ మాట ఎదుటివాళ్ళ నోటినుంచి ఎన్నేళ్ళకు వచ్చిందో నాకు తెలియదు. వదినె తల వంచుకుంది. తర్వాత మెల్లగా, "సల్లగుండున్రి పెద్దక్కా" అని చెయ్యి వదిలి, నిలబడ్డవాళ్ళలో ముందున్నామెను కూర్చోమంది. ఆమె గాజులు ఏరుతూ ఉంటే, లోలోపల కూని రాగం మొదలైంది.